దారి అడిగే ఢిల్లీబాబు

తిరుపతి చుట్టుపక్కల ఢిల్లీబాబుకు తెలియని దారి లేదు. ఎవరినీ అడగకుండా అతను వెళ్ళిన దారి కూడా లేదు.

కరెంటాఫీసులో మీటర్లు చూసే ఉద్యోగం అతనిది. ఏ ఇంటి మీటరు తలుపు వెనక ఉందో, ఏ ఇంటి కుక్క ఊరికే మొరుగుతుందో, ఏది నిజంగా కరుస్తుందో పదిహేనేళ్ళుగా తెలిసిన మనిషి. అయినా వీధి మొదట్లో సైకిలాపి, "అబ్బా, ఈ వీధి యాడికి పోతాది?" అని అడగందే లోపలికి అడుగు పెట్టడు. ఒకసారి సొంత మామగారినే అడిగాడు. "నీకు పిల్లనిచ్చింది ఈ వీధిలోనే గదయ్యా!" అని ఆయన నొచ్చుకుంటే, "అదే మామా, ఇట్లే గదా పోవాల?" అని రూఢి చేసుకుని మరీ వెళ్ళాడు.

అలాంటివాడితో అతని స్నేహితుడు రఘునాథ్ రెండు రోజుల సైకిల్ ప్రయాణానికి బయలుదేరాడు. అది తొంభై ఎనిమిది జూన్ నెల. ఆలోచన వాళ్ళ మూడో స్నేహితుడు మునికృష్ణది. అతనికి గాంధీరోడ్డులో బట్టలంగడి ఉంది. "అంగట్లో కొని తింటే మామిడిపండు. చెట్టు కిందే కోసుకోని తింటే అది భోగమప్పా!" అన్నాడు. పుత్తూరు, కార్వేటినగరం మీదుగా చిత్తూరు దాకా తోట తోటకూ ఆగి, ఒక్కో రకం రుచి చూడాలి. వచ్చేటప్పుడు సైకిళ్ళు బస్సు మీదికెక్కించుకుని రావాలి.

రఘునాథ్‌కు వెళ్ళాలనే ఉంది. కాళ్ళే కదల్లేదు. జూనియర్ కాలేజీలో పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పే ఆయనకు ఎనిమిది నెలల కూతురుంది, జాహ్నవి. ఆ బిడ్డను వదిలి ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదు. బయలుదేరే ముందు ఉయ్యాల పక్క గోడకు గ్రాఫ్ కాగితం అంటించాడు. అడ్డంగా టైము, నిలువుగా ఒంటి వేడి.

"బిడ్డ బాగానే ఉండాది గదా, దేనికీ గీతలు?" అంది భార్య నందిని.

"బాగుండేటప్పుడు గీస్తేనే గదా బాగలేనిది తెలిసేది!"

ఇంట్లో ఫోను లేదు. పక్కింటి జ్ఞానాంబగారి నంబరు చొక్కా జేబులో ఒకటి, ప్యాంటు జేబులో ఒకటి రాసి పెట్టుకున్నాడు. ఒకటి చెమటకు తడిస్తే ఇంకోటి ఉంటుందని.

వడమాలపేటలో, సరిగ్గా ఊరి పేరు రాసిన బోర్డు కింద, ఢిల్లీబాబు సైకిల్ దిగాడు.

"అన్నా, వడమాలపేట యాడుండాది?"

టీ అంగడాయన బోర్డునూ అతన్నీ మార్చి మార్చి చూశాడు. "నువ్వు నిలబడుకోనుండేదే."

"సరే. పుత్తూరుకు ఇట్లే గదా? ముగ్గురం పోతా ఉండాం, సైకిళ్ళ మీద. ఆడినించి కార్వేటినగరం. రాత్రికి ఆడే పడక."

"పోండప్పా, ఎవురొద్దన్న్యారు?"

"జాతకం గూడా చెప్పేసి రావాల్సింది," అన్నాడు మునికృష్ణ.

పుత్తూరు చేరేసరికి ఢిల్లీబాబు పంతొమ్మిది సార్లు దారి అడిగినట్టు రఘునాథ్ లెక్కకు తేలింది. గంటకు పన్నెండు కిలోమీటర్లు పోవలసిన సైకిళ్ళు ఏడు దగ్గర ఆగిపోయాయి. మిగతా అయిదూ ఢిల్లీబాబు నోట్లోనే పోయాయి.

న్యాయంగా చెప్పాలంటే రఘునాథ్ కూడా తక్కువ తినలేదు. ఎక్కడ ఎస్టీడీ బూతు కనిపించినా దూరేవాడు. ఒక తోటలో గోవిందయ్య అనే రైతు బేనీషా మామిడిపండు కోసి చేతికిస్తే, "మాగేదానికి కార్బైడ్ వేసినారా?" అని అడిగాడు. "చెట్టుకుండే కాయకు ఎట్లేస్తారు సార్, నిచ్చెనేసుకోనా?" అన్నాడు గోవిందయ్య. అయినా రఘునాథ్ రెండుసార్లు కడుక్కునే తిన్నాడు.

సాయంత్రం కార్వేటినగరంలో చిన్నబ్బ అనే ఆయన బూతు నుంచి మాట్లాడితే, బిడ్డ హాయిగా ఆడుకుంటోందని జ్ఞానాంబ చెప్పింది. రఘునాథ్ పెట్టేయబోతుంటే ఢిల్లీబాబు ఫోను లాక్కున్నాడు.

"అక్కా, తిరుపతి నించి కార్వేటినగరం యా పక్కకుండాది?"

"నువ్వుండేది ఆడే గదా నాయనా?"

"ఊరికే అడిగితిలే. ఈ బూతు నంబరు రాసుకో." గోడ మీది అంకెలన్నీ చదివి వినిపించాడు. రఘునాథ్ తల కొట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ అదే బూతు. ఈసారి జ్ఞానాంబ గొంతు వేరుగా ఉంది. "బిడ్డకు తెల్లారుజామున జొరమొచ్చింది నాయనా. నూటరెండు. నందిని డాక్టరు దగ్గరికి ఎత్తుకోని పోయింది. నువ్వేం గాబరా..."

లైను తెగిపోయింది. ఎన్నిసార్లు తిప్పినా పలకలేదు.

"గంటకొస్తాదో, రేపే వస్తాదో, చెప్పలేం సార్," అన్నాడు చిన్నబ్బ.

పుత్తూరు బస్సు అప్పుడే వెళ్ళిపోయింది. ఇంకోటి పదకొండుకు. "సుబ్రమణ్యం తోట మీదుగా అడ్డంబడి పోతే పెనుమూరులో ఫోనుండాది, బస్సులుండాయి. ఈడ కూర్చోనేదానికన్నా అదే మేలు," అన్నాడు మునికృష్ణ. రఘునాథ్ అప్పటికే సైకిలెక్కాడు.

ఢిల్లీబాబు మాత్రం కదలడే! "చిన్నబ్బా, సుబ్రమణ్యం తోటకు ఇట్లే గదా? ముగ్గురం. ఈ సారుకే బిడ్డ. తోటలోంచి పెనుమూరు పోతాం, తెలిసిందా?"

మూడు కిలోమీటర్ల తర్వాత దారి రెండుగా చీలింది. అక్కడ చెంగమ్మ అనే ముసలావిడ మేకలు మేపుకుంటోంది. ఢిల్లీబాబు దిగాడు. "అవ్వా, సుబ్రమణ్యం తోట యా పక్క?"

రఘునాథ్ పేలిపోయాడు. "నిరుడు కరెంటు లైను చూసేదానికి నెల రోజులు ఈ తోటలోనే తిరిగినావని నువ్వే చెప్పినావు గదయ్యా! నా బిడ్డ నూటరెండులో ఉండాది. నువ్వు మేకల దగ్గర దారడుగుతా ఉండావు!"

"మేకల్ని కాదు సామీ, నన్నే అడిగినాడు," అంది చెంగమ్మ.

రఘునాథ్ ఎవరి కోసమూ ఆగకుండా ఎడమ దారిలో తొక్కాడు. నూటరెండు నూటమూడవుతుంది, నూటమూడు నూటనాలుగు. తలలో గ్రాఫు కొండెక్కుతోంది. దాంతోపాటే రోడ్డూ ఎక్కుతోంది. తోట గేటు దగ్గర ఊపిరాడక ఆగిపోతే, మిగతా ఇద్దరూ వచ్చి కలిశారు.

అప్పుడు వెనక నుంచి పాలక్యాన్లు గలగలమంటూ ఒక మోపెడ్ వచ్చింది.

"బిడ్డ నాయన ఎవురప్పా?"

"నేనే," అన్నాడు రఘునాథ్.

"జొరం దిగిందంట సార్. డాక్టరు సూసి, భయం లేదని మందు తాపించినాడంట. కింద పన్ను గూడా అగపడతా ఉండాదంట. లైనొస్తానే మీ పక్కింటి ఆయమ్మ బూతుకు ఫోన్ జేసిందంట. చిన్నబ్బ నన్ను మీ ఎనక తరిమినాడు."

"ఎంతకు దిగింది?"

"తొంభై తొమ్మిదంట."

"పాయింటెంత?"

"పాయింటు దోవలో యాడో పడిపోయింటాది సార్."

మునికృష్ణ ముందు నవ్వాడు. రఘునాథ్ నవ్వబోయి, సైకిల్ సీటు మీద తల వాల్చాడు. తర్వాత అడిగాడు. "మేమీ దారిలో ఉన్నామని ఎట్లా తెలిసింది?"

"తోట సంగతి చిన్నబ్బ చెప్పినాడు. రెండు దోవల కాడ మేకలవ్వ చెయ్యి సూపించింది. 'ముగ్గురు. ఒకడు నవ్వతా, ఒకడు అడగతా, ఒకడు అరస్తా పోయినారు' అన్న్యాది."

రఘునాథ్ ఢిల్లీబాబు వైపు చూశాడు. అతను తప్పు చేసి దొరికినవాడిలా సైకిల్ బెల్లు తుడుస్తున్నాడు.

"నీకు దారి తెలుసు గదబ్బా?"

"నాకు తెలిస్తే ఏం లాభమప్పా? మనం యాడికి పోయినామో వాళ్ళకు తెలియాల గదా! బిడ్డను ఇంట్లో పెట్టుకోని వచ్చినోడివి." ఇంకాస్త తుడిచాడు. "మాయమ్మ మంచం పట్టిన ఏడాది ఇట్ల అడిగేది మొదులుపెట్టినా. దినమంతా వీధులెంబడి తిరిగేటోణ్ణి, ఇంట్లోవాళ్ళు పిలవాలంటే నేను యా వీధిలో ఉండేది ఎవురో ఒకరికి తెలిసుండాల గదా. అమ్మ లేచి తిరగతా ఉండాది. నోరే అలవాటు మానలా."

"ముందే చెప్పొచ్చు గదా!"

"మీరెవురడిగినారు?"

ఆ పొద్దు సుబ్రమణ్యం తోటలో మల్గోబా పండ్లు తిన్నారు. రఘునాథ్ కార్బైడ్ మాటెత్తలేదు, కడగలేదు కూడా. రసం మోచేతుల దాకా కారింది. పెనుమూరు చేరి ఇంటికి మళ్ళీ ఫోన్ చేశాడు. తొంభై తొమ్మిది పాయింట్ రెండు.

సోమవారం పొద్దున కాలేజీకి వెళ్తూ రఘునాథ్ వీధి మలుపులో టీ అంగడి ముందు సైకిలాపాడు. ఆరేళ్ళుగా ఆయనకు రోజూ టీ పోస్తున్నవాడే ఆ అంగడాయన.

"అన్నా, జూనియర్ కాలేజీకి ఇట్లే గదా పోవాల?"

అంగడాయన చేతిలో గ్లాసు అలాగే నిలిచిపోయింది. "ఇట్లే సార్..."

"సరే. నాలుగు దాకా ఆడే ఉంటా."

అంగడాయన ఆయన్ని ఎగాదిగా చూసి, నెమ్మదిగా అడిగాడు. "ఆ మీటర్ల ఢిల్లీబాబు మీకు చుట్టమేమన్నా అవుతాడా సార్?"