మంచు ఓడకి చప్పట్లు

ఎనభైల చివర్లో, ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో, లాన్సెస్టన్ నుంచి హోబర్ట్ బస్సులో వెళ్తున్నాను. అంటార్కిటికాలో మంచు పగలగొట్టుకుంటూ తిరిగే ఆస్ట్రేలియా ఓడ వారాల తరబడి ఇరుక్కుని, చివరికి బయటపడిందని బస్సు రేడియోలో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టబోతే పక్కసీటావిడ నా చెయ్యి పట్టుకుంది.

"కొట్టకండి," అంది. నా ఒళ్ళో తెలుగు వారపత్రిక చూసినట్టుంది. మెళ్ళో సన్నని సిలువ, కాకినాడ యాస. "మావారు అందులో ఇంజనీరండి."

"మరి సంతోషమే కదండీ?"

"ఆయనొస్తున్నందుకు సంతోషమే. ఆ ముసలి ఓడ మీదే నా మంట. ఏటా ఇరుక్కుంటుంది, ఏటా రంగేస్తారు. కొత్తది కొనండయ్యా అంటే, ఓడ ఆఫీసు పెద్దలు 'సేఫ్‌గానే వచ్చిందిగా, ఇంకో సీజన్ లాగించొచ్చు' అంటారు. లోపల కూర్చునేది వాళ్ళు కాదుగా! చర్చిలో పాస్టరుగారు ఓడ క్షేమం కోసం ప్రార్థన చెయ్యమంటారు. నేను మావారి కోసం చేస్తాను. ఆ ఓడ కోసం మాత్రం నోరు మెదపను."

అంతలో రేడియోలో ఆ ఆఫీసు పెద్దమనిషే ఎవరో, ఓడకి ఇంకా చేవ ఉందని గర్వంగా అన్నాడు. బస్సులో మళ్ళీ చప్పట్లు.

ఆవిడ నా చెయ్యి ఇంకా వదల్లేదు. వదిలినా నేను కొట్టేదాన్ని కాదు.