మైకమ్మ పగ

బస్‌స్టేషన్‌లో గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పే ఆవిడను అందరూ మైకమ్మ అంటారు. ఆవిడ గొంతు ఖంగుమంటుంది. ఆ గది దాటి బయటికొస్తే మాత్రం టీ అడగడానికి కూడా నోరు పెగలదు. చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి. అందరూ తననే చూస్తున్నారన్న భయం చిన్నప్పట్నుంచీ ఆమెను వదల్లేదు.

ఆ భయాన్ని వదిన నలుగురికీ వినోదంగా మార్చింది. ఆ మనిషి గురించి చెబుతుంటేనే ఒళ్ళు మండుతుంది. ఇంటికి చుట్టాలొస్తే చాలు, గ్లాసు రెండు చేతులా పట్టుకుని గజగజ వణుకుతూ, "మ... మ... మంచినీళ్ళు" అని మైకమ్మలా చేసి చూపించేది. అందరూ పగలబడి నవ్వేవారు. అన్నయ్య కూడా నవ్వేవాడు, సిగ్గులేకుండా. అమ్మ ఉండేది ఆ ఇంట్లోనే. చివరికి మైకమ్మ అమ్మను చూడడానికి వెళ్ళడమే మానుకుంది. కసి మాత్రం లోపల కుతకుతలాడుతూనే ఉంది.

బాగుపడదామని కాదు, వదినకు బుద్ధి చెబుదామనే ఆమె ఇలాంటి భయాలకు సలహాలిచ్చే కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళింది.

"నలుగురి ముందు ఆవిణ్ణి కడిగెయ్యాలండి. అంతవరకు నేర్పండి, చాలు," అంది నేలచూపులు చూస్తూ.

కౌన్సిలర్ నవ్వలేదు. "మాట్లాడే ముందు ఏం చేస్తారు?"

"మాటలన్నీ మనసులో అప్పజెప్పుకుంటాను. చేతులు బ్యాగు కింద దాచుకుంటాను."

"దాచుకున్నన్నాళ్ళూ, దాచుకోబట్టే గండం గడిచిందనుకుంటారు. ఈసారి చేతులు దాచకండి, మాటలు అప్పజెప్పుకోకండి. మిమ్మల్ని మీరు చూసుకోవడం మాని ఎదుటివాళ్ళ మొహం చూడండి. భయమేసినా అక్కణ్ణుంచి కదలకండి. కాసేపటికి అదే తగ్గుతుంది."

మైకమ్మ పట్టుబట్టి సాధన చేసింది. చెప్పుల కొట్లో అరల్లోని జతలన్నీ దింపించి, ఏమీ కొనకుండా వచ్చేసింది. తానే మైకులో చెప్పిన బస్సు ఎప్పుడొస్తుందని కండక్టర్‌ను అడిగింది. అతను ఎగాదిగా చూశాడు. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. అయినా అక్కడే నిలబడింది. కాళ్ళు వెనక్కి లాగినప్పుడల్లా వదిన మొహాన్ని తలుచుకునేది. అది ఏ మందుకన్నా బాగా పనిచేసింది.

అమ్మ పుట్టినరోజు భోజనానికి వెళ్ళింది. చుట్టాలు కూర్చున్నారు. వదిన గ్లాసందుకుని వణకడం మొదలుపెట్టింది. మైకమ్మ లేచి నిలబడింది.

ఇక్కడే పొరపాటు చేసింది. కౌన్సిలర్ వద్దన్నా వినకుండా, ఒక మాట ముందే సిద్ధం చేసుకుంది. అది కాస్తా మైకు గొంతులో వచ్చింది.

"వదిన గారు దయచేసి గమనించగలరు. నన్ను అనుకరించడం తక్షణమే నిలిపివేయవలసిందిగా కోరుతున్నాను."

అంతటితో ఆగినా బాగుండేది. మైకులో ఏదైనా రెండుసార్లు చెప్పాలి కదా, అలవాటు కొద్దీ మళ్ళీ మొత్తం చెప్పింది.

ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు. వదినకైతే కళ్ళనీళ్ళొచ్చాయి. జీవితమంతా దేనికి భయపడిందో అదే జరిగింది. మైకమ్మ కదల్లేదు. వదిన మొహంలోకే చూస్తూ నిలబడింది.

"నవ్వడం అయ్యాక చెప్తాను వదినా. నాకేం తొందర లేదు," అంది.

ఈ మాట సిద్ధం చేసుకున్నది కాదు. నవ్వులు ఒక్కొక్కటే తగ్గిపోయాయి.

"నువ్విలా చేస్తావనే మా అమ్మని చూడ్డం కూడా మానేశాను. ఇవాళా వణుకుతున్నాయి, చూడు." రెండు చేతులూ వదిన ముందు చాపింది. "ఇప్పుడు చేసి చూపించు. అమ్మ చూస్తోంది."

వదిన అన్నయ్య వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

"ఏదో సరదాకి..."

"నాకు సరదాగా లేదు."

వదిన చేతిలో గ్లాసులోంచి నీళ్ళు తొణికి చీర మీద పడ్డాయి. మైకమ్మ చాపిన చేతులు వెనక్కి తీసుకోలేదు. ఆ చూపుల మధ్య వదిన నిలవలేక వంటింట్లోకి వెళ్ళిపోయేదాకా అలాగే ఉంచింది. తర్వాత అమ్మ పక్కన కూర్చుని తృప్తిగా తింది. జాలా? ఇసుమంతైనా వెయ్యలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్తోంది. ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే వదినకు వంటింట్లో పని గుర్తొస్తుంది.

"భయం తగ్గిందా?" అని కౌన్సిలర్ అడిగింది.

"సగం నా దగ్గరే ఉందండి," అంది మైకమ్మ, ఆమె కళ్ళలోకి చూస్తూ. "మిగతా సగం మా వదినకిచ్చాను."