పాత కారు, కొత్త కారు, పాలిష్ పట్టిన నంబరు

కర్నూలు రవాణా శాఖ కార్యాలయంలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు పదవి నా ఉద్యోగంలో ఆఖరి మజిలీ. రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలున్నాయనగా, ఒక ఫిబ్రవరి మంగళవారం నా బల్ల మీదికి వచ్చిన దరఖాస్తు గురించి ఇక్కడ రాస్తున్నాను.

మా శాఖలో కింద సహాయ ఇన్‌స్పెక్టరు, ఆ పైన ఇన్‌స్పెక్టరు, ఆ పైన ప్రాంతీయ రవాణా అధికారి ఉంటారు. కింది నుంచి రెండో మెట్టు మీద నేను చాలా ఏళ్ళు నిలబడ్డాను. మెట్టు గట్టిదని మాత్రం హామీ ఇవ్వగలను. ఏ మెట్టు మీదున్నా జనం మమ్మల్ని 'బ్రేక్ ఇన్‌స్పెక్టర్' అనే పిలుస్తారు. మీ శాఖలో అన్నింటికంటే బాగా పడిన బ్రేకు మీ ప్రమోషనుకే అని మా ఆవిడ అంటుంటుంది.

దరఖాస్తు రిజిస్ట్రేషను పొడిగింపు కోసం. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు చెల్లుతుంది. ఆ తరవాత యజమాని బండిని తీసుకొచ్చి చూపించాలి. ఇన్‌స్పెక్టరు పరీక్షించి, రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని రాస్తే ఇంకో ఐదేళ్ళు ఇస్తారు. పేరుకు బ్రేక్ ఇన్‌స్పెక్టర్లమే అయినా మేం ముందు చూసేది బ్రేకు కాదు, ఛాసిస్ నంబరు. బండి పుట్టినప్పుడే ఇనుములోకి గుద్దిన అక్షరాలూ అంకెలూ అవి. వాటి మీద పలచని కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు పడుతుంది. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి అందరం చేసిన పనే. ఆఫీసులో దాన్ని పెన్సిల్ ప్రింటు అంటాం, దానికింద సంతకం పెడతాం.

దరఖాస్తుదారు ఓబుల్ రెడ్డి. అహోబిలం దారిలోని ఒక పల్లెలో వ్యవసాయ కుటుంబం. కల్లూరులో బండల పాలిష్ ఫ్యాక్టరీ నడుపుతాడు. ఆయన కారు జపాను వారి స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు, రెండే సీట్లు. మా సీమలో మనిషి స్థాయిని బండి ఎత్తుతో కొలుస్తారు. కాస్త సంపాదించిన ప్రతివాడూ నిచ్చెన వేసుకుని ఎక్కవలసినంత తెల్ల బండి కొంటాడు. షేర్ ఆటోలో కూర్చున్నవాళ్ళను తలెత్తి చూడవలసిన కారును ఒక రెడ్డి తొమ్మిదేళ్ళుగా నడుపుతున్నాడంటే, ఆయనకు లోకం మాట పట్టని గుణమన్నా ఉండాలి, ఆ కారు మీద ప్రేమన్నా ఉండాలి. ఆయనకు రెండూ ఉన్నాయి.

ఆ రోజు ఆఫీసు ఆవరణలో రెండు కార్లు నిలబడి ఉన్నాయి. ఒకటి ఆయనది. రెండోది అదే కంపెనీ, అదే పేరు, తరువాతి తరం. బెంగళూరులో ఒక డీలరు దాన్ని నడిపి చూసుకొమ్మని పంపాడు. పాతదిచ్చి కొత్తది తీసుకోవచ్చు. పాతదానికి ఐదేళ్ళ పొడిగింపు ఉండాలి, శనివారంలోగా మాట చెప్పాలి. డీలరు షరతులు ఇవే. ఉంచుకున్నా మార్చుకున్నా నా కాగితం లేనిదే ఏదీ కదలదు.

"రెండిట్లో యాది మేలో మీరే చెప్పాల సార్. నేను వారం నుంచి తిండి తినకుండా ఆలోచన చేస్తాండా," అన్నాడు ఓబుల్ రెడ్డి. ఆయన పొట్ట ఆ మాటను సమర్థించలేదు.

బండి రోడ్డుకు పనికొస్తుందా లేదా అన్నదే మా శాఖ చెబుతుందనీ, మనిషికి పనికొస్తుందా అన్నది చెప్పదనీ అన్నాను. ఊరికే కూర్చుని చూడమన్నాడు. కూర్చోవడం లంచం కిందికి రాదని నాకు నేనే తీర్పు చెప్పుకుని, ఆఫీసు వేళ అయ్యాక రెండింటిలోనూ నంద్యాల రోడ్డు మీద కొంత దూరం వెళ్ళి వచ్చాను.

కొత్తది మెచ్చుకోకుండా ఉండలేని బండి. సీటు మనిషిని తల్లి ఒడిలా పట్టుకుంటుంది. గేర్లు దానంతట అదే మార్చుకుంటుంది. ఎంత వేగంలో ఉన్నామో ముల్లు చూస్తే తప్ప తెలియదు. కల్లూరు మలుపులో ఒక షేర్ ఆటో అడ్డం వస్తే, ఓబుల్ రెడ్డి కాలు కదిపేలోగా తనే బ్రేకు వేసుకుంది. బ్రేకును బండే చూసుకునే కాలం వచ్చింది, బ్రేక్ ఇన్‌స్పెక్టరు రిటైరు కావడానికి ఇదే తగిన సమయం అనుకున్నాను.

పాతది వేరే సంగతి. అందులోకి దిగడం సులభమే. బావిలోకి దిగడం కూడా సులభమే. క్లచ్ తొక్కడానికి బలం కావాలి, గేరు వేయడానికి మనసు పెట్టాలి. అయితే ఆ స్టీరింగు పట్టుకున్నవాడికి రోడ్డు అరచేతిలో తెలుస్తుంది. ఎక్కడ కంకర తేలిందో, ఎక్కడ తారు మెత్తబడిందో కూడా చెబుతుంది. పదిహేనేళ్ళ ఇంజను ఒక్క పొల్లు చప్పుడు లేకుండా తిరిగింది. దాన్ని తయారుచేసిన వాళ్ళెవరో గానీ, వాళ్ళకు నేను మనసులోనే దండం పెట్టాను. చేతులతో పెట్టడానికి వీలు కాలేదు, కారులోంచి బయటికి లాగడానికి ఇద్దరు చెరో చెయ్యీ పట్టుకున్నారు.

పరీక్షకు గురువారం స్లాటు దొరికింది. వెళ్ళేముందు ఆయనకు నేను అందరికీ చెప్పే మాటే చెప్పాను. బండి శుభ్రం చేసి తీసుకురండి, ముఖ్యంగా ఛాసిస్ నంబరు దగ్గర మట్టి, తుప్పు ఉండకూడదు, ప్రింటు సరిగా పడదు అని. ఆ సాయంత్రమే కాగితం, పెన్సిలు తీసి ఉంటే రాయడానికి నాకీ వ్యాసం ఉండేది కాదు.

గురువారం బానెట్ ఎత్తాను. లోపల ఇనుము మెరుస్తోంది. ఇంజను వెనకనున్న అడ్డగోడ మీద ఛాసిస్ నంబరు ఉండే చోట నా మీసంలో తెల్లవెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. నంబరులో మొదటి భాగం మసకగా ఉంది. చివరి మూడు అంకెలు లేవు. కాగితం పెట్టి రుద్దాను. పెన్సిలు అరిగింది, అచ్చు పడలేదు.

దీని అర్థం ఏమిటో చెప్పాలి. దొంగ బండ్లను అమ్మేవాళ్ళు మొదట చేసే పని ఆ నంబరును గ్రైండరుతో అరగదీయడమే. అందువల్ల నంబరు చదవరాని స్థితిలో కనిపిస్తే ఇన్‌స్పెక్టరు బండిని నిలిపేసి నివేదిక రాయాలి. అక్కణ్ణుంచి ఫైలు పోలీసులకు వెళ్తుంది. తేలేదాకా బండి ఆరుబయట ఎండలో నిలబడుతుంది. కొన్ని అక్కడే మట్టిలో కలిసిపోయాయి. ఓబుల్ రెడ్డికి ఇప్పుడు పాత, కొత్త అన్న ప్రశ్నే లేదు. ఉన్నదీ పోయేటట్టుంది, ఆపైన కేసు.

బండి ఇక్కడే ఉండాలని చెప్పాను. ఆయన వంగి ఆ మెరిసే చోటును చూశాడు. తరవాత, "అది నా బండే సార్," అన్నాడు, నాకు తెలియని సంగతి చెబుతున్నట్టు. ఫ్యాక్టరీకి ఫోను చేశాడు. అరగంటలో హెడ్ పాలిషర్ హుసేనప్ప ఆటో దిగాడు. అరవైకి దగ్గర మనిషి. బండల ధూళి కనుబొమల్లో స్థిరపడిపోయింది.

"తప్పు నాది సారూ. రెడ్డినేమీ అనొద్దండి," అన్నాడు రావడంతోనే. "తుప్పుండకూడదంటిరంట. చిన్న మిషను పెట్టి అంతా ఒగటే లెవెలుకి తెస్తి."

"ఏమప్పా హుసేనప్పా, ఆడ అంకెలున్నాయని కనపళ్ళేదా నీకు?" అన్నాడు ఓబుల్ రెడ్డి.

"కనపన్యాయి రెడ్డీ. గనిలో ప్రతి బండ మీదా నంబరేసి పంపుతారు గదా. పాలిష్‌కి ముందు దాన్ని తీసేసేది మనమే గదా. నంబరుంటే సరుకు ఇంగా తయారు కాలేదనే గదా లెక్క. ఇదీ అట్లాంటిదే అనుకుంటి."

ఆ లెక్క ఫ్యాక్టరీలో ఓబుల్ రెడ్డి నేర్పిందే. శుభ్రం చెయ్యమన్నది నేను. ముగ్గురిలో హుసేనప్ప ఒక్కడే తప్పు ఒప్పుకున్నాడు.

నాకు నమ్మకం కలిగింది గానీ, నమ్మకానికి ఫారంలో గడి లేదు. కారులో అద్దం కింద ఒక రేకు మీద కూడా నంబరు ఉంటుంది. కానీ అది మేకులు పీకితే ఊడి వచ్చేది కనుక ఒంటరిగా సాక్ష్యానికి పనికిరాదు. ప్రాంతీయ అధికారిని కలిసి, విచారణకు కారణాలు రాసి, శనివారం దాకా గడువు అడిగాను. ఇచ్చారు. ఆ కారు మొదట కడపలో ఒక రాతి వ్యాపారి పేరున రిజిస్టరైంది. మొదటి రోజు తీసిన పెన్సిల్ ప్రింటు అక్కడి ఫైలులో ఉండాలి. ఇప్పుడు వివరాలన్నీ కంప్యూటర్లో ఉన్నాయి. పెన్సిలు రాపిడి మాత్రం అందులోకి ఎక్కలేదు.

శుక్రవారం పొద్దున బస్సులో కడప వెళ్ళాను. రికార్డు గదిలో మధ్యాహ్నం దాకా దుమ్ము తిన్నాక ఫైలు దొరికింది. ఆ ప్రింటు తీసిన సహాయ ఇన్‌స్పెక్టరు ఎవరో, పొట్టి సంతకం చదవడానికి రాలేదు. పని మాత్రం నిండుగా ఉంది. అన్ని అక్షరాలూ సమంగా, నల్లగా, అంచులతో సహా పడ్డాయి. చివర్లో ఏడంకెకు కాలు కొంచెం వంకర. ఆ వంకర కూడా వదలకుండా అచ్చులోకి ఎక్కించాడు. ఒంటిగంటకు భోజనానికి వెళ్ళే తొందరలో నేను తీసిన ప్రింట్లు కొన్ని గుర్తొచ్చి, ఆ ఫైలు ముందు కాస్త వినయంగా కూర్చున్నాను. ధ్రువీకరించిన నకలు తీసుకుని సాయంత్రానికి తిరిగొచ్చాను.

ఇప్పుడు ఇనుము మీద మిగిలింది చదవాలి. శనివారం పొద్దున భూతద్దం, టార్చి పట్టుకుని బానెట్ కిందికి దూరాను. నా ముఖం తప్ప ఏమీ కనపడలేదు. దాన్ని నేను ముందే చూసి ఉన్నాను.

"టార్చి అట్ల నేరుగా పట్టగూడదు సారూ," అన్నాడు హుసేనప్ప. "నీళ్ళు కావాల. బండ మీద గీత మిగిలిందా ల్యాదా అని మేం చూసేది తడిపే."

గుడ్డ తడిపి ఆ చోట తుడిచాడు. టార్చిని ఆ అడ్డగోడకు ఆనించి, వెలుగు ఇనుము మీద పక్కగా పాకేటట్టు పెట్టాడు. కడప నకలు నా జేబులో ఉంది, ఆయన చూడలేదు. చూసింది చూసినట్టు చెప్పమన్నాను. కంటితో కొంత, చూపుడువేలితో కొంత చదివాడు.

"ఏడు. కాలు వంకరగా ఉండాది. దాని పక్కన... సున్నా. కాదు, ఉండండి సారూ. లోపల మెలిక తగుల్తాండాది వేలికి. ఆరు. ఆఖరుది నాలుగు, కొమ్ము ఇట్ల బయటికి పొయ్యింది."

జేబులోంచి నకలు తీసి చూశాను. ఏడు, ఆరు, నాలుగు. వంకర కాలుతో సహా. తడి ఆరేలోగా ఫోటోలు తీయించి, ఆయన చెప్పిన తీరు, పట్టిన వెలుగు కోణం నివేదికలో రాశాను. ఇరవై ఏడు సంవత్సరాలు పాలిష్ పట్టిన వేలు పెద్ద పరికరంలాంటిదని రాయాలనిపించింది గానీ, 'అనుభవజ్ఞుడైన పాలిషర్ సహాయంతో' అని మాత్రం రాశాను. మధ్యాహ్నానికి ఉత్తర్వు వచ్చింది. అదే నంబరును పక్కన శాఖ గుర్తుతో మళ్ళీ గుద్దించాలి, ఆ సంగతి రికార్డులో ఎక్కించాలి. బ్రేకులు, లైట్లు, పొగ అన్నీ చూసి ఐదేళ్ళ పొడిగింపుకు నేను సంతకం పెట్టాను.

ఓబుల్ రెడ్డి నా గదిలోంచే డీలరుకు ఫోను చేశాడు. నంబరు అరిగిపోయిందనీ, మళ్ళీ గుద్దారనీ, రికార్డులో ఆ మాట ఉంటుందనీ అడగకుండానే చెప్పాడు. దాచి ఉంటే ఆ రోజుకు ఎవరికీ తెలిసేది కాదు. అవతల డీలరు ఏమీ వెనక్కి తగ్గలేదు. చేత్తో గేర్లు వేసే ఆ తరం బండ్లు ఇప్పుడు దొరకడం లేదు, అలాగే పంపించండి, కొత్తది మీదే అన్నాడట. ఓబుల్ రెడ్డి ఫోను చేత్తో మూసి నా వైపు తిరిగాడు.

"ఇప్పుడన్నా చెప్పండి సార్."

ఇక నా సంతకం అయిపోయింది కనుక నాకు తోచింది చెప్పాను. కొత్తది అన్ని విధాలా మెరుగైన బండి, వయసు పెరిగేకొద్దీ మోకాళ్ళకు కూడా అదే మంచిది, పాతదాని విడిభాగాలు రానురాను కష్టమవుతాయి. ఇవన్నీ నిజాలే. ఆయన తల ఊపుతూ విన్నాడు.

"అది శానా మంచి బండి సార్, కాదన్ను. దాంట్లో నేను తప్పు చేసినా అదే దిద్దుకుంటాది. నాకు తెలియను గూడా తెలీదు. దీంట్లో తప్పు చేస్తే అప్పుడే చేతికి తెలుస్తాది. మూడు దినాలు ఇది యండలో నిలబడుంటే నాకు నిద్ర రాలే. కొత్తది వాపస్ పోతే గూడా నిద్ర రాకుండా ఉంటాదా చూస్తాం." ఫోనులో వద్దని చెప్పేశాడు.

గుమ్మంలో నిలబడిన హుసేనప్ప, "ఇంగ దాన్ని నేను ముట్టను రెడ్డీ," అన్నాడు.

"ముట్టకపోతే ఎట్లప్పా? నంబరు మీద టేపేసి ముట్టు."

కొత్త కారు ఆ సాయంత్రమే బెంగళూరు వెళ్ళిపోయింది. ఓబుల్ రెడ్డి ఆఫీసు గేటు దాకా వెళ్ళి దాన్ని సాగనంపాడు, ఆ రాత్రి బాగానే నిద్రపోయానని సోమవారం వచ్చి చెప్పాడు.

దొంగ అరగదీసిన నంబరూ, పనివాడు అరగదీసిన నంబరూ ఇనుము మీద ఒకేలా ఉంటాయి. రూలుకు ఆ తేడా తెలియదు. తెలుసుకోవడానికే ఇన్‌స్పెక్టరును పెట్టారు. పుట్టిన చోటి ప్రింటు తెప్పించి, అరగదీసిన మనిషిని పిలిపించి, అతని పని ఏమిటో అడిగిన తరవాతనే నివేదిక రాయాలి. ఈ పద్ధతి నాకు ఉద్యోగం ఆఖరి ఏడాదిలో తెలిసింది. మొదటి ఏడాదిలో తెలిసి ఉంటే, నేను రాసిన నివేదికల్లో కొన్ని వేరుగా ఉండేవి.