దేవదూత కాలి కింది మసి

మన విద్యార్థులు విమానాల కొద్దీ కెనడాలో దిగుతున్న రోజులవి. ఆ ఏడాది అక్టోబరులో, హామిల్టన్‌లోని ఒక పాత చర్చి పైకప్పు చిత్రాన్ని శుభ్రపరిచే పనికి నన్ను సీనియర్ కన్సర్వేటర్‌గా వేశారు. నా కింద కో-ఆప్ ట్రెయినీగా, అంటే చదువులో భాగంగా పని నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయి శ్రావ్య, కరీంనగర్ పిల్ల. నేను పాస్ రాస్తేనే ఆమెకు ఆ టర్మ్ దక్కుతుంది. లేకపోతే చదువు ఇంకో టర్మ్ వెనక్కి.

మొదటి రోజే "ఆంటీ" అంది. పరంజా మీద ఆంటీలుండరని చెప్పాను.

చిత్రం రొకోకో అనే పాత యూరప్ ధోరణిది: గులాబీ మేఘాలు, బొద్దు దేవదూతలు. కప్పు చదునే అయినా, కింద నిలబడితే ఆకాశం తెరుచుకున్నట్టుంటుంది. ఒక దేవదూత కాలు బంగారు చట్రం దాటి మన నెత్తి మీదికి వేలాడుతుంది. ఆ కాలి పక్కన, చట్రం మీద నల్లటి మరక. కొవ్వొత్తుల మసి అని తేల్చేశాను.

"మసి కాదేమో మేడమ్, నీడ లెక్కుంది. కిందికి పోయి చూద్దామా?"

మా నియమమూ అదే: దూదిపుల్లతో చిన్న గడి తుడవాలి, ఫొటో తీయాలి, దిగి చూడాలి. కానీ అన్ని మెట్లు, నా మోకాళ్లు!

"నువ్వు పుట్టకముందు నుంచీ మసి తుడుస్తున్నా" అన్నాను.

"అప్పుడు గూడ దిగకుండనే తుడిచేటోళ్లా మేడమ్?"

ఒళ్లు మండి అరచేతి మేర తుడిచేశాను. ఆ సాయంత్రం ఎవాల్యుయేషన్ ఫారంలో 'పైవాళ్లతో వాదిస్తుంది' అని రాశాను. వాదించే హక్కు నా ఒక్కదానిదే అనుకునేదాన్ని.

మర్నాడు భోజనానికి దిగి తలెత్తాను. వేలాడే కాలు లేదు. కప్పుకి అప్పడంలా అతుక్కుపోయింది. చిత్రకారుడు నీడ కోసం పలచగా పూసిన రంగు పొరను మసితో పాటు ఊడ్చేశానన్నమాట.

పక్కనే శ్రావ్య పులిహోర తింటోంది. "ఇంకా మసే అంటరా మేడమ్?"

"నోరు మూసుకుని తిను."

"తింటున్న. నా ఫారం పంపేసిండ్రా?"

పంపలేదు. నష్టం నివేదికలో తుడిచినవారి పేరు రాయాలి. ట్రెయినీ పేరు రాసి ఉంటే ఎవరూ అడిగేవారు కాదు. నా పేరే రాశాను. కావాలంటే మళ్లీ తీసేయగలిగే రంగుతో నీడను తిరిగి వేశాం: నేను పైన కుంచెతో, ఆమె కింద "ఇంకొంచెం ఎడమకి!" అని అరుస్తూ. ట్రెయినీ ఆజ్ఞలు రెండు రోజులు పాటించాక కాలు మళ్లీ వేలాడింది.

ఫారంలో ఆ వాక్యం కొట్టేయలేదు. పక్కన 'ఆమె వాదన సరైనది' అని చేర్చి పాస్ రాశాను.

కింద నుంచి చూడ్డానికి వేసిన బొమ్మ మీద పైన కూర్చుని తీర్పు చెప్పకూడదు. మోకాళ్లు దిగనివ్వకపోతే, దిగగలవాళ్ల మాట వినాలి.