హెర్బర్ట్ సారు నల్లకోటు

మొక్క చస్తే హెర్బర్ట్ సారు నల్లకోటు తొడుక్కుంటాడు. మే నెలయినా సరే.

అబిడ్స్‌లో, చాపెల్ రోడ్డు పక్క సందులో, ఒక పాత మేడ మిద్దె మీద ఆయన మాకు కూరగాయలు పండించడం నేర్పాడు. మెదక్ మనిషి. రిటైరైన స్కూలు మాస్టారు. చర్చి క్వయర్‌లో పాడతాడు. ఒక పంటకాలం పూర్తిచేసినవాళ్లకు వాళ్ల ఇంటి దగ్గరే ఒక ఖాళీ మిద్దె చూసి తాళంచెవి ఇప్పిస్తాడు. ఇరుగుపొరుగును కూడేసుకుని అక్కడ తోట నడపాలి. ఈలోగా మా చేతిలో పోయిన ప్రతి మొక్కకూ అంత్యక్రియలు తప్పవు.

దానికో పద్ధతి ఉంది. ఎరువు తొట్టి చుట్టూ అందరం నిలబడాలి. సారు ఒక చరణం పాడతాడు. మధ్యలో నాంపల్లి స్టేషన్ మైకు ఏదో బండి ఆలస్యానికి చింతిస్తుంది. అది చింతించడం అయిపోయేదాకా ఆగి మళ్లీ అందుకుంటాడు. తర్వాత మొక్క తాలూకు మనిషి ముందుకొచ్చి అది ఎట్లా పోయిందో సాక్ష్యం చెప్పాలి. ఎవరూ తిట్టకూడదు, నవ్వకూడదు. తలా గుప్పెడు మట్టి వేశాక చాయ్, ఉస్మానియా బిస్కెట్లు.

బేగంబజార్‌లో గోనెసంచులమ్మే కిషన్ ఈ బిస్కెట్ల కోసమే మొక్కల్ని చంపుతున్నాడని మా అనుమానం. ఒకసారి మిరపమొక్కకు మిగిలిన చాయ్ పోశానని సాక్ష్యం చెప్పాడు.

"పాలదా, సులేమానీయా?" అని సారు అడిగాడు.

పాలదేనన్నాడు. సారు కళ్లు మూసుకున్నాడు. "పోనీ, మంచి చాయే తాగి పోయింది."

ఒక్క చావూ లేనిది అనురాధకే. లక్డీకాపూల్‌లో ఒక మెస్సులో వంట చేసేది. తను కిరాయికుంటున్న ఖైరతాబాద్ గల్లీలో ఒక హాస్టల్ మిద్దె ఖాళీగా ఉంది. అది తనకొస్తే చాలు, మళ్లా మట్టిల చెయ్యి పెడతానని మాతో అంటుండేది. వాళ్లది తరాలుగా సేద్యం చేసిన ఇల్లు. మీలెక్క మేం మొక్కల్ని సంపేటోళ్లం కాదని కిషన్‌ను ఆటపట్టించేది.

తాళంచెవులిచ్చే రోజున సారు ఒక్కొక్కరి తొట్లూ చూస్తూ వచ్చాడు. అనురాధకు ఆయనిచ్చింది తెల్ల వంగ నారు. మూడు మొక్కలకు కోడిగుడ్లల్లే తెల్లటి కాయలు. నాలుగోదానికి నిగనిగలాడుతూ ఒక నల్ల వంకాయ.

అందరం ఆ తొట్టి చుట్టూ చేరాం.

"ఎండకు నల్లబడ్డదేమో సార్," అన్నాడు కిషన్, ఆమెను కాపాడదామని.

అనురాధ తల దించుకుంది. నాలుగో మొక్క ఎప్పుడో చచ్చిపోయిందని, దాన్ని కింద చెత్తడబ్బాలో పడేసి నర్సరీ నుంచి ఇంకోటి తెచ్చి నాటానని చెప్పింది.

"సేద్యం చేసినోళ్ల బిడ్డ చేతిల వంగమొక్క సచ్చిందంటే తాళంచెవి ఎవరిస్తరు సార్?"

"చెత్తడబ్బాల నేను చూసిన బిడ్డా," అన్నాడు సారు. "పైకి తెచ్చి మట్టి చేసిన. ఎవరూ రాలే. క్వయర్ల లెక్క నాలుగు గొంతులు నేనే పాడిన, బిస్కెట్లు నేనే తిన్న."

"జర మమ్మల్ని పిలువకపోతిరి," అన్నాడు కిషన్. నిజంగానే నొచ్చుకున్నాడు.

"సాక్ష్యం అడిగి చెప్పించేది కాదు కిషన్." సారు వంగి ఆ నల్ల వంకాయను అరచేతిలోకి తీసుకున్నాడు. "ఆ ఎరువే దీని మొదట్ల ఏసిన. చూడు, ఎంత మంచిగొచ్చిందో."

నేను ఆ మనిషినే చూస్తుండిపోయాను. దొంగచాటుగా వచ్చిన మొక్కకు వారాల తరబడి ఎరువు వేస్తూ, ఆమె దిక్కు ఒక్క చూపు కూడా తేడాగా చూడలేదు. ఆ కోటును నేను అన్నాళ్లూ వేషమనుకున్నాను.

సారు కోటు తొడుక్కున్నాడు. అనురాధ ముందుకొచ్చి, నీళ్లెక్కువైనయని సాక్ష్యం చెప్పింది. ఎవరూ నవ్వలేదు.

"ఇగ తాళంచెవి తీసుకో," అన్నాడు సారు. "మొక్క సావని సేద్యం యాడుంటది? మీ నాయిననడుగు."

మొన్న ఖైరతాబాద్ మిద్దె మీద మొదటి చావు జరిగింది. టమాటా మొక్క. అనురాధ ఫోన్ చేసి అందర్నీ పిలిచింది. కిషన్ అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు. సారు కోటు చంకన పెట్టుకుని సిటీ బస్సులో దిగాడు. పాట అయింది. కొత్తగా చేరిన గల్లీ ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు తప్ప సాక్ష్యం చెప్పడానికి ఎవరూ కదల్లేదు.

చివరికి సారే ముందుకొచ్చాడు. "మొన్న నేనొచ్చినప్పుడు నీళ్లెక్కువ పోసిన."

ఆయన ఆ మిద్దె ఎక్కడం అదే మొదటిసారి. చాయ్ పంచేటప్పుడు అనురాధ ఆయన సాసర్లో రెండు బిస్కెట్లు ఎక్కువ పెట్టింది.