యుద్ధకాలపు బౌలరు

మా నాన్న ఫాస్ట్ బౌలరు. రెండో ప్రపంచ యుద్ధానికి రైల్వే జట్టులోని మంచి ఆటగాళ్లు సైన్యంలోకి వెళ్లిపోతే, ఖాళీ అయిన చోట ఆయన్ను తీసుకున్నారు. ఆట కోసమే ఉద్యోగం ఇచ్చారు. యుద్ధం ముగిసి అసలు బౌలరు తిరిగొచ్చాడు. నాన్నను రేపల్లె స్టేషన్లో గూడ్సు గుమాస్తాగా వేశారు. అంతటితో ఆయన ఆట అయిపోయింది.

"యుద్ధం ఇంకొన్నాళ్లు సాగుంటే మీ నాన్న పేరు పేపర్లో పడేదే" అని అమ్మ ఆటపట్టించేది. నాన్న నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది. తను నిజంగా బాగా వేశాడా, లేక పోటీ లేక నెగ్గుకొచ్చాడా అన్నదే ఆయన దిగులని నాకు తెలుసు. ఆ మాట చెప్పగలిగినవాడు తిరిగొచ్చినాయన ఒక్కడే. చోటు అప్పగించే ముందు ఇద్దరూ కొన్నాళ్లు నెట్స్‌లో పక్కపక్కనే బంతులేశారు. ఆయన చూశాడు, ఏమీ అనలేదు. తర్వాత ఏళ్ల తరబడి స్నేహంలోనూ అనలేదు. పెళ్లిళ్లలో మాత్రం నాన్న భుజం మీద చెయ్యేసి, "నేను యుద్ధంలో ఉన్నప్పుడు నా ప్లేసులో ఆడాడండీ" అని అందరికీ పరిచయం చేసేవాడు. మహానుభావుడు!

ఎనభైల్లో ఆయనకు బాపట్లలో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. రిటైరై తెనాలిలో ఉంటున్న నాన్న, ఆదివారం ఆరాధన అయ్యాక బత్తాయిలు కొనుక్కుని బాపట్ల రైలెక్కేవాడు. ఒకసారి నేనూ వెళ్లాను. ఆయన ఒక బత్తాయి తీసి నాన్న అరచేతిలో పెట్టాడు. నాన్న చూపుడువేలినీ మధ్యవేలినీ తనే దాని మీద సర్ది, గట్టిగా నొక్కాడు. బంతి పట్టుకునే పద్ధతి అది. ఆయన పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. కళ్ల నీళ్లు కారిపోయాయి.

"ఏంటిరా? బాగానే వేశానా నేను?" అన్నాడు నాన్న. అన్నేళ్లలో మొదటిసారి అడిగాడు.

ఆయన తల ఊగింది. అది అవుననో కాదనో, ఉత్త వణుకో తెలియలేదు.

"ఏదో చెప్పబోయాడు కదమ్మా?" అన్నాడు నాన్న తిరుగు రైల్లో.

"బాగా వేశావనే, నాన్నా."

"నువ్వు చూళ్లేదుగా" అన్నాడు.

ఆ ఏడే ఆ స్నేహితుడు పోయాడు. మా క్రైస్తవుల్లో జ్ఞాపకార్థ కూటం పెట్టినప్పుడు, పోయినవాళ్ల గురించి తెలిసినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి. ఆయన కూటంలో ముందుగా నాన్నే లేచాడు. "ఆయన బంతి నా బంతికన్నా వేగమండి. నేను చూశానండి" అని కూర్చున్నాడు.

తొంభైల్లో తెనాలిలో నాన్నకూ కూటం పెట్టాం. ప్రార్థనాపరుడండి అన్నారు, కోపమెరగని మనిషండి అన్నారు. "ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగారు పాస్టరు అయ్యగారు. లేచి నిలబడ్డాను.

"మా నాన్న మంచి బౌలరండి" అన్నాను.

'నేను చూశానండి' అనాలి ఆ తర్వాత. అనలేకపోయాను. చూసినవాళ్ల కోసం గుడంతా వెతికాను, ఒక్కరూ లేరు. అయ్యగారు పాట నంబరు చెప్పారు.