రాజమండ్రి దాకా వస్తానన్న తోడు

ఎల్డర్ విట్లాక్ ఇక లేరన్న వార్త మొన్న ఆదివారం ఉదయం ఆయన భార్య ఫోన్లో చెప్పగా విన్నాను. నలభై నిండని మనిషి. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. "సరిగ్గా వినబడలేదమ్మా" అని మూడుసార్లు అడిగాను. వినబడింది. మనసే ఆ మాటను లోపలికి రానివ్వలేదు. ఆ దిగ్భ్రాంతిలోంచి తేరుకుని ఈ నాలుగు మాటలు రాయడానికి వారం పట్టింది.

ఢిల్లీ పక్కన వైశాలిలో, నోయిడాలో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల్లో అక్కడున్న తెలుగు కుటుంబాల వారికి ఆయన గుర్తుండే ఉంటారు. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్లటి పేరు బిళ్ళ, ఆరడుగులు దాటిన ఎత్తు, ఎండకు కందిపోయిన మెడ. అమెరికా నుంచి రెండేళ్ళ సేవావ్రతం మీద వచ్చిన, మార్మన్ అనే క్రైస్తవ శాఖ మిషనరీ. ఆ సేవలో యువకులను ఇద్దరిద్దరిగా జతచేస్తారు. ఆయనకు జతగా వేసింది నన్ను, రాజమండ్రి నుంచి అప్పుడే దిగిన కొత్తవాణ్ణి. మమ్మల్ని 'ఎల్డర్' అని పిలవాలి, అంటే పెద్దలన్నమాట. ఆ పెద్దాయనకు ఇరవై, ఈ పెద్దాయనకు పంతొమ్మిది. అందుకే ఆయన, ఆయన అని రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. ఇకమీదట అతను అనే రాస్తాను. ఏమీ అనుకునే రకం కాదు.

మా నియమాల్లో మొదటిది, జంట విడిపోకూడదు. ఒకరు టమాటాలకు వెళితే రెండోవాడు సంచీ పట్టుకుని వెనకాల ఉండాల్సిందే. నాకది జైలులా ఉండేది. అతనికి మాత్రం పండగ. సోమవారం బట్టలుతికే రోజు. నా బకెట్ పక్కనే తన బకెట్ పెట్టుకుని, శ్రుతి అనేదే ఎరగని గొంతుతో స్తోత్రాలు అందుకునేవాడు. పై అంతస్తు వాళ్ళు కిటికీలు మూసుకునేవారు. ఆ తర్వాత సైబర్ కేఫ్‌కు వెళ్ళి ఇంటికి మెయిల్ రాసుకోవాలి. వారానికి అదొక్కటే భాగ్యం. అతను పేజీలకు పేజీలు రాసేవాడు. నేను అమ్మకు నాలుగు వాక్యాలు రాసి, నాన్నకు ఏం రాయాలో తెలియక కూర్చునేవాణ్ణి. ఈ సేవకు రావాలన్న నా నిర్ణయం నచ్చక నాన్న నన్ను సాగనంపడానికి స్టేషన్‌కు కూడా రాలేదు.

నేను చెప్పబోయే వారంలో మంగళవారం నోయిడాలో ఒక తలుపు తట్టాం. తీసినాయన మనవాడే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నా బిళ్ళ మీద పేరు చదివి, "తెలుగోడివేనా? మీ నాన్న కష్టపడి చదివిస్తే నువ్వు చేసేది ఇదా?" అన్నాడు. కోపంగా అని ఉంటే తట్టుకునేవాణ్ణి. జాలిగా అన్నాడు.

బుధవారం రాజ్యలక్ష్మి ఆంటీ ఇంటికి వెళ్ళాం. ఆవిడ భర్త కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగి, ఆఫీసులో ఉన్నారు. ఇంట్లో మగవాళ్ళు లేనప్పుడు లోపలికి వెళ్ళకూడదని మాకు మరో నియమం. ఆవిడ రమ్మంటే విట్లాక్ వినయంగా చేతులు జోడించి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అచ్ఛా, గడప దాటకూడదా? ఠీక్ హై, మెట్ల మీద కూర్చోండి నాయనా. తిండికి రూలేం లేదు కదా" అని ఆవిడ అక్కడికే కంచాలు పంపింది. కాఫీ కూడా ముట్టమని తెలిసి, "ఈ వయసులో ఇంత కఠినమేవిటి బాబూ, కాఫీ లేదంటే మా ఇంటాయనైతే ఉద్యోగమే మానేస్తారు" అంది. విట్లాక్ నేర్చుకున్న మొదటి తెలుగు మాట 'ఇంకొంచెం'. ఆ రోజు దాన్ని ఐదుసార్లు వాడాడు.

నోయిడాలో విన్న మాట మనసులోంచి పోక, గురువారం నేను పెట్టె సర్దేశాను. శనివారం సాయంత్రం రైలుకు వెళ్ళిపోతున్నానని చెప్పాను. సువార్త చెబుతాడనుకున్నాను, లేదా మా పైవాళ్ళకు ఫోన్ చేస్తాడనుకున్నాను. అతను మంచం కిందనుంచి తన పెట్టె లాగాడు.

"నువ్వెందుకు?" అన్నాను.

"నిన్ను ఒంటరిగా పంపకూడదు. రాజమండ్రి దాకా వస్తాను."

శనివారం దారిలో ఆంటీ గుమ్మం దగ్గర ఆగి ఇద్దరికీ పులిహోర కట్టించుకున్నాడు. న్యూఢిల్లీ స్టేషన్‌లో జనరల్ బోగీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చుని, గోదావరి ఎంత వెడల్పుంటుందని అడిగాడు. అప్పటికి గాని నా మట్టిబుర్రకు తట్టలేదు. అనుమతి లేకుండా ఊరు దాటితే అతని సేవ ఆ రోజుతో ముగుస్తుంది, ఇంటికి పంపేస్తారు. స్కూలు రోజుల్నుంచి ఈ రెండేళ్ళ కోసమే కలలు కన్నవాడు. ఆ సంగతి అతనికి నాకన్నా బాగా తెలుసు. అయినా బెదిరింపు కోసం కూర్చోలేదు, నిజంగానే వస్తున్నాడు.

నేను లేచి దిగిపోయాను. అతను రెండు పెట్టెలతో నా వెనకే దిగాడు. ఏమైందని అడిగితే సిగ్గుతో, "ఆకలేస్తోంది" అన్నాను. "మంచి కారణం" అని పొట్లం విప్పాడు. మేం తింటుండగానే రైలు కదిలింది. నేను పూర్తి రెండేళ్ళూ ఉన్నాను. ఆ సాయంత్రం ప్రస్తావన నా దగ్గర అతను మళ్ళీ తేలేదు.

అంత్యక్రియలయ్యాక అతని భార్య మళ్ళీ ఫోన్ చేసింది. "పిల్లలకు ఢిల్లీ గురించి తరచూ ఒక కథ చెప్పేవాడు. మీరు సెలవు మీద ఇంటికి వెళుతుంటే, తను తిండి ధ్యాసలో పడి మీ రైలు తప్పించాడట కదా. ఇంట్లో ఎవరు ఆలస్యం చేసినా పులిహోర తిన్నావా అని ఏడిపించుకుంటాం" అంది.

ఇన్నేళ్ళూ నా పిరికితనాన్ని తన తిండిపోతుతనంగా చెప్పుకుని, కన్నపిల్లల చేత నవ్వించుకున్నాడా ధన్యజీవి. నాకు దుఃఖం ఆగలేదు. అంతలోనే నవ్వూ ఆగలేదు. అలాంటి తోడు మనిషికి ఒక్కసారే దొరుకుతుంది, నాకు దొరికాడు. అతనికి నేనర్పించగల నివాళి ఒక్కటే కనిపించింది. పిల్లలకు ఫోన్ ఇవ్వమని అడిగాను.

"రైలు తప్పించింది మీ నాన్న కాదు. పారిపోబోయింది నేను. మీ నాన్న నాతో వచ్చి కూర్చున్నాడు" అని చెప్పాను.